క్లిప్పులు తీశాకే అసలు జాగ్రత్త

క్లిప్పులు తీసేయగానే పళ్ల వైద్యం ముగిసిందనుకోవడం పొరపాటు. పంటిని ఎముకకు పట్టి ఉంచే పోగులు కొత్తచోట కుదురుకోవడానికి నెలలు పడుతుంది. చిగుళ్లలోని సాగే పోగులకైతే ఏడాది దాకా. ఈలోగా అవి పంటిని పాతచోటికే లాగుతుంటాయి. అందుకే పళ్లను కొత్తచోటే నిలిపి ఉంచే రిటైనర్. ఏళ్ల తరబడి క్లిప్పులు భరించాక మళ్లీ ఇదెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1981లో ప్రచురించిన అధ్యయనంలో, రిటైనర్ మానేసిన పదేళ్లకు కింది ముందుపళ్ల వరుస బాగున్నవారు మూడోవంతు కూడా లేరు. వరుస చెదిరితే తప్పంతా జ్ఞానదంతాలదేనని చాలామంది నమ్ముతారు. వాటిని పీకించినంత మాత్రాన వరుస నిలుస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవు.

తీసిపెట్టుకునే రిటైనర్‌ని చల్లటి నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగండి. వేడినీళ్లు తగిలితే ప్లాస్టిక్ వంకరపోతుంది. తినేటప్పుడు కాగితంలో చుట్టకుండా డబ్బాలోనే పెట్టండి. పెట్టుకున్నప్పుడు బిగుతుగా అనిపిస్తే పళ్లు కదిలి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.