మేడ మీదికి నాన్న ప్రయాణం

న్యూజెర్సీలో మా టౌన్‌హౌస్ కొనేటప్పుడు స్కూలు, రైలు స్టేషను, ఇండియన్ స్టోర్ ఎంత దూరమో చూసుకున్నాం గానీ మెట్లు లెక్కపెట్టలేదు. పదిహేను ఉన్నాయని నాన్నకి పక్షవాతం వచ్చాకే తెలిసింది. స్నానాల గదులన్నీ పైనే. నేనూ మా బావమరిదీ ఆయన్ని కుర్చీతో సహా మోసేవాళ్ళం. ఒకరోజు నాన్న, "ఒరే, నన్ను బియ్యం బస్తాలా మొయ్యకండ్రా. స్నానం లేకపోయినా ఫరవాలేదు" అన్నారు. ఆ రాత్రే ఇంటి లిఫ్టుల గురించి చదవడం మొదలుపెట్టాను.

ముందు చవకలో స్టెయిర్‌లిఫ్ట్ చూశాం. మెట్ల పక్కన పట్టా మీద నడిచే సీటు అది. కానీ కుర్చీలోంచి సీటులోకీ, పైన మళ్ళీ ఇంకో కుర్చీలోకీ మారాలి. ఎడమ చెయ్యీ కాలూ పనిచెయ్యని మనిషికి అది కుదరదు. కుర్చీతో సహా ఎక్కే లిఫ్టే కావాలి.

ఇందులో హైడ్రాలిక్, తాళ్ళతో లాగేది, గాలి పీడనంతో నడిచేది అని రకాలున్నాయి. హైడ్రాలిక్‌లో నూనె పిస్టన్‌ని పైకి నెడుతుంది. దిగడం మాత్రం బరువుతోనే. అందుకే కరెంటు పోయినా చిన్న బ్యాటరీతో వాల్వ్ తెరిచి కిందికి దించవచ్చు. మేము అదే ఎంచుకున్నాం.

అసలు చిక్కు మోటారుతో కాదు, కొలతలతో. మొదట వచ్చిన కాంట్రాక్టరు కాళ్ళు పెట్టుకునే పలకలు లెక్కలోకి తీసుకోకుండా కుర్చీని కొలిచి డ్రాయింగ్ ఇచ్చాడు. రిక్వైర్‌మెంట్స్ తీసుకోకుండా కోడ్ రాసినట్టన్నమాట! కుర్చీకి 30 x 48 అంగుళాల చోటు, తలుపుకి 32 అంగుళాల దారి ఉండాలని ఏడీఏ ప్రమాణాలు చెబుతాయి. సొంత ఇళ్ళకి అవి వర్తించకపోయినా మంచి ఆధారమే. మొబిలిటీ స్కూటర్ అయితే కుర్చీలా ఉన్నచోట తిరగలేదు. ఎదురెదురు తలుపులుంటే ఇటు ఎక్కి అటు దిగిపోవచ్చు.

గరాజ్ నేల మీద టేపు అంటించి, అట్టపెట్టెలతో గోడలు కట్టి, నాన్నని లోపలికి నడుపుకు రమ్మన్నాను. వెంటనే తప్పు దొరికింది. డ్రాయింగ్‌లో బటన్లు ఎడమ గోడకున్నాయి!

పిల్లలున్న ఇంట్లో ఇంకో సంగతి. బయటి తలుపుకీ లిఫ్టు లోపలి తలుపుకీ మధ్య ఖాళీలో పిల్లలు ఇరుక్కుని చనిపోయిన ఘటనలు అమెరికాలో జరిగాయి. అందుకే ఏఎస్ఎంఈ ప్రమాణం 2016లో ఆ ఖాళీని 4 అంగుళాలకు తగ్గించింది. పాత లిఫ్టున్న ఇల్లు కొంటుంటే ఇది తప్పక కొలిపించండి.

ఖర్చు సంగతికొస్తే, మెడికేర్ ఇంటి లిఫ్టుకి డబ్బివ్వదు. వైద్య ఖర్చుగా పన్నులో చూపేటప్పుడు కూడా, లిఫ్టు వల్ల ఇంటి విలువ ఎంత పెరిగిందో అంత తీసేసి మిగిలిందే లెక్క. కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్ళు, ఇక్కడైనా హైదరాబాదులో అమ్మానాన్నల కోసమైనా, కింద ఒక క్లోజెట్ మీద సరిగ్గా ఇంకో క్లోజెట్ వచ్చేలా గీయించండి. అవసరమైన రోజున అదే లిఫ్టు దారి అవుతుంది.

ఇప్పుడు నాన్న కుడిచేత్తో బటన్ నొక్కుకుని ఆయనే పైకి వెళ్తున్నారు. మొన్న సాయం చెయ్యబోతే, "నువ్వు మెట్ల మీద రా" అన్నారు.