చేపల వేటకు పోయేవారు ఇంట్లో చెప్పి పోవాలి

వానలు పడి వాగులు పారడం మొదలైతే మన పశ్చిమ ప్రకాశంలో యువకుల మనసు చేపల మీదికి పోతుంది. కొందరు కంభం చెరువుకు, కొందరు గుండ్లకమ్మ మడుగులకు పోతారు. గిద్దలూరు వైపువారికి సగిలేరు, దోర్నాల వైపువారికి తీగలేరు ఉన్నాయి. ఇంకొందరు ఉత్తరాన నల్లమల లోపలికి నడుస్తారు. కష్టపడి పట్టిన చేప దేవుడిచ్చిన ఆహారమే. అయితే ఈ వేటలో ప్రాణానికి ముప్పు ఎక్కడ పొంచి ఉందో ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

అడవి అనగానే పులి గుర్తుకొస్తుంది. కాని చేపలకు పోయేవాడు మొదట భయపడవలసింది నీటికి. 2022లో మన దేశంలో నీట మునిగి 38 వేల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

గుండ్లకమ్మ నల్లమల కొండల్లో పుడుతుంది. కంభం చెరువులోకి సుమారు 430 చదరపు మైళ్ళ నేల మీద కురిసిన నీరు చేరుతుంది. కాబట్టి మన తల మీద ఎండ కాస్తున్నా, ఎగువన కొండల్లో కురిసిన వాన కొన్ని గంటల్లో వరదై రావచ్చు. తేట నీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, ఎగువనుండి హోరు వినిపించినా వలను వదిలేసి గట్టెక్కండి. వల మళ్ళీ కొనుక్కోవచ్చు. మోకాటిలోతు నీరైనా వేగంగా పారుతుంటే మనిషిని పడగొడుతుంది. ఏటి మధ్య బండ మీద రాత్రి పడుకోవద్దు.

చెరువుల్లో మట్టి తవ్విన గుంతలు నీరు నిండాక కనబడవు. నడుములోతు అనుకున్నచోట ఒక్క అడుగు ముందుకేస్తే మనిషి మునిగిపోవచ్చు. విసురువల తాడును మణికట్టుకు ముడి వేయకండి. వల రాతికి చిక్కితే, ప్రవాహం లాగితే చెయ్యి విడిపించుకోలేరు. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. ఒకరి కోసం ఇద్దరు పోతారు. తాడో, పంచెో, పొడవాటి కర్రో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో అందించండి.

కరెంటు తీగ నీటిలో వేసి చేపలు పట్టేవారున్నారు. ఆ కరెంటుకు చేప, మనిషి అనే తేడా తెలియదు. మందుగుండు పేల్చడం, నీటిలో విషం కలపడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరాలు. 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన నల్లమల భాగంలోకి అనుమతి లేకుండా పోవడం కూడా నేరమే. పైగా అలా దొంగచాటుగా పోయినవాడు ఆపదలో పడినా, అతడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

ఇక రెండవ ముప్పు దూరం. ఊరి దగ్గర పాము కరిస్తే ఆసుపత్రికి చేరవచ్చు. అడవిలో పది మైళ్ళ లోపల కరిస్తే మోయడానికి మనుషులు కావాలి, పిలవడానికి ఫోన్ సిగ్నల్ కావాలి. కరిచినచోట కోయకండి, గట్టిగా కట్టు బిగించకండి, మంత్రాలవారి కోసం వెదకకండి. కరిచిన కాలిని కదలనీయకుండా ఉంచి, రోగిని మోసుకుని విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చండి. సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేయండి.

యోహాను సువార్త 21వ అధ్యాయం ఒకసారి చదవండి. పేతురుకు చేపలు పట్టడం కొత్త కాదు, ఆ సముద్రమూ కొత్త కాదు. అయినా అతడు ఎవరికీ చెప్పకుండా జారుకోలేదు. వేటకు పోతున్నానని తోటివారితో చెప్పాడు. వారూ అతనితో బయలుదేరారు. ఆ రోజు అక్కడున్నవారు ఏడుగురు. అంత అనుభవం ఉన్నవాడే చెప్పి, తోడుతో పోతే, మన పిల్లలు ఒంటరిగా పోవడం ఎందుకు?

కాబట్టి ప్రతి ఇంటిలో ఒక నియమం పెట్టుకుందాం. పోయేవాడు మూడు సంగతులు చెప్పాలి: ఏ వాగుకు పోతున్నాడు, ఎవరితో పోతున్నాడు, ఎన్ని గంటలకు తిరిగి వస్తాడు. తాగి నీటిలో దిగకూడదు. ఈత రాని పిల్లలను వెంట తీసుకుపోకూడదు. చెప్పిన వేళ దాటితే ఇంటివారు తెల్లారేదాకా ఎదురుచూడకుండా ఊరివారిని లేపాలి, 112కి ఫోన్ చేయాలి.

తల్లులారా, కొడుకు చేపలకు పోతానంటే వట్టినే కసిరి పంపకండి. కసిరితే రేపు చెప్పకుండా పోతాడు. ఈ మూడు సంగతులూ అడిగి పంపండి. చేపలు పడకపోయినా ఫరవాలేదు, మనిషి ఇంటికి రావాలి.