తీర్పు ప్రజలది, వ్యాఖ్యానం ఎవరిది?

"చట్టం నాకు తెలియదు" అన్న సమాధానాన్ని ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. కూలిపని చేసుకునే మనిషికీ, కోట్లకు పడగెత్తిన మనిషికీ చట్టం ఒకేలా తెలిసి ఉంటుందని న్యాయవ్యవస్థ ముందుగానే నిర్ణయించుకుంటుంది. మరి ఆ చట్టాల మీద, తీర్పుల మీద పండితులు రాసే రచనలు ఎవరికి అందుతున్నాయి? ఎవరి సొత్తుగా ఉన్నాయి? అచ్చుయంత్రం పక్కకు కంప్యూటర్ వచ్చాక ఈ పరిస్థితి ఎంతవరకు మారింది? ఇదంతా వకీళ్ల వ్యవహారమని సాహిత్యకారులు తప్పుకోవడానికి వీల్లేదు. రచన ఎవరి శ్రమ, ఎవరి ఆస్తి అన్న ప్రశ్న మనకూ సంబంధించిందే.

న్యాయశాస్త్ర పత్రికలు బాగా వేళ్లూనుకున్న దేశం అమెరికా. అక్కడ ఒక విచిత్రమైన సంప్రదాయం ఉంది. తక్కిన శాస్త్రాల్లో ఒక వ్యాసం వెయ్యదగిందా కాదా అన్నది ఆ రంగంలోని నిపుణులు పరిశీలించి చెబుతారు. న్యాయశాస్త్ర పత్రికల్లో మాత్రం చాలావాటికి విద్యార్థులే సంపాదకులు. 1887లో మొదలైన హార్వర్డ్ లా రివ్యూ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వ్యాసాన్ని ఎన్నుకునేదీ, అధోజ్ఞాపికలు ఒక్కొక్కటే సరిచూసేదీ విద్యార్థులు. రాసేవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయం జీతమిచ్చే ఆచార్యులు. చాలా పత్రికల ఖర్చు మోసేది కూడా కళాశాలే.

1973లో లెక్సిస్, 1975లో వెస్ట్‌లా అనే వ్యాపార సేవలు తీర్పులను కంప్యూటర్లో వెతుక్కునే వీలు కల్పించాయి. కాలక్రమాన ఈ పత్రికల వ్యాసాలు కూడా వాటిలో చేరాయి. పెద్ద చందాలు కట్టగల విశ్వవిద్యాలయానికీ, న్యాయవాద సంస్థకూ అవి క్షణంలో దొరుకుతాయి. కట్టలేనివాడు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. శ్రమ పదిమందిదీ, యాజమాన్యం ఒకరిదీ అన్న పాత వైరుధ్యమే ఇక్కడా పనిచేస్తోంది.

దీన్ని లోపలివాళ్లే గుర్తించారు. 2008 నవంబరులో కొన్ని పేరున్న న్యాయ కళాశాలల గ్రంథాలయాధిపతులు నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హమ్ నగరంలో సమావేశమయ్యారు. 2009 ఫిబ్రవరిలో వెలువడ్డ వారి ప్రకటనకు డర్హమ్ ప్రకటన అని పేరు. కళాశాలలు తమ పత్రికలను ఇంటర్నెట్‌లో, స్థిరంగా నిలిచే రూపంలో, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచాలి. అలా ఉంచాక కాగితం మీద అచ్చువేయడం మానాలి - ఇవీ వారి కోరికలు.

మొదటి కోరికను కాదన్నవాళ్లు తక్కువ. రెండోదాని మీద గ్రంథాలయ వర్గాల్లోనే అభ్యంతరాలు వచ్చాయి. కాగితం బీరువాలో నిలుస్తుంది, తెర మీది అక్షరానికి పూచీ ఎవరు అన్నది వాళ్ల భయం. ఆ భయం వట్టిది కాదని 2013లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. హార్వర్డ్ లా రివ్యూ, మరికొన్ని పత్రికలు ఉదహరించిన ఇంటర్నెట్ చిరునామాల్లో 70 శాతానికి పైగా, రచయిత మొదట చూపిన విషయం దగ్గరికి పాఠకుణ్ణి చేర్చడం లేదు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోని చిరునామాల్లో కూడా సగం అంతే. పూర్వపు తీర్పును చూపించి కొత్త తీర్పును సమర్థించుకునే శాస్త్రంలో ఆధారమే మాయమైతే ఇక మిగిలేదేమిటి? ఉదహరించిన పేజీ ప్రతిని గ్రంథాలయాలే భద్రపరిచే పెర్మా అనే ఏర్పాటు ఆ ఏడాదే మొదలైంది.

ఉచితంగా దొరకడం వేరు, ప్రజల చేతిలో ఉండడం వేరు. ఈ తేడా తెలియడానికి ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ చరిత్ర చాలు. అచ్చుకు ముందే వ్యాసాలను పదిమంది ముందు పెట్టడానికి 1994లో ఏర్పడ్డ సంస్థ ఇది. న్యాయశాస్త్ర ఆచార్యులు తమ వ్యాసాలను వేలాదిగా అందులో ఉంచారు. 2016లో ఎల్సెవియర్ అనే బహుళజాతి ప్రచురణ సంస్థ దాన్ని కొనేసింది. చదవడం ఉచితమే, కానీ ఆ గిడ్డంగి తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందో రచయితలు గమనించాలి.

ఇదే ప్రశ్న మన దేశంలో తీర్పుల ప్రచురణ దగ్గర ఎదురైంది. సుప్రీంకోర్టు తీర్పులను సంపుటాలుగా ప్రచురించే ఈస్టర్న్ బుక్ కంపెనీ, తమ సంపుటాల పాఠాన్ని సీడీలలోకి ఎక్కించుకున్నారని కొన్ని సంస్థల మీద దావా వేసింది. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆలోచింపజేస్తుంది. తీర్పు మూలపాఠం ప్రజలందరిదీ. కామాలు సరిదిద్దినంత మాత్రాన దాని మీద హక్కు రాదు. అయితే సంపాదకుడు బుద్ధి ఉపయోగించి పేరాలు విడగొట్టి, వాటికి అంకెలు వేస్తే, ఆ మేరకు అతనికి హక్కు ఉంటుంది. సంపాదకుడి శ్రమకు విలువ లేదని మనమూ అనం. కానీ కోర్టులో వకీలు ఉదహరించేది పేరా అంకెతోనే. ఊరుమ్మడి చెరువుకు ఒకడు మెట్లు కట్టి, మెట్లు మాత్రం నావి అన్నట్టుంది పరిస్థితి.

ఆ తర్వాత కొంత దారి తెరుచుకుంది. 2008లో ఇండియన్ కానూన్ తీర్పులను ఉచితంగా వెతుక్కునే వీలు కల్పించింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికారిక సంపుటాల్లోని సుమారు 34,000 తీర్పులను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. అంటే మూలపాఠం చాలావరకు దొరుకుతోంది. వ్యాఖ్యానం సంగతే మిగిలింది.

దానికి ప్రభుత్వం కనుగొన్న మార్గం వేరు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన, అన్ని శాస్త్రాల పత్రికలు సుమారు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, పరిశోధన సంస్థలకూ అందుతాయి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇది మేలే, కాదనలేం. కానీ ఇక్కడ ప్రభుత్వం మన తరఫున సుంకం కట్టిందే తప్ప సుంకపుగేటు ఎత్తెయ్యలేదు. తాలూకా కోర్టులో ప్రాక్టీసు చేసే చిన్న వకీలు, కార్మిక సంఘం కార్యకర్త, నాలాంటి బడిపంతులు ఈ పథకం బయటే ఉన్నారు.

ఇక భాష సంగతి. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఇప్పుడు తెలుగులోకి అనువాదమవుతున్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒకటి తెలుగులోనే తీర్పు వెలువరించింది. ఇవి మంచి అడుగులు. అయితే తీర్పును విప్పి చెప్పి, దాని వెనకున్న ప్రయోజనాలను పరిశీలించి, అవసరమైతే విభేదించే రచన మన భాషలో ఎంత ఉంది? కథలో కోర్టు సన్నివేశం రాయబోయే రచయిత ఇప్పటికీ సినిమా మీద ఆధారపడుతున్నాడంటే ఆ లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

యంత్రం అచ్చు ఖర్చు తగ్గించింది. తలుపులు తెరిచే పని మాత్రం గ్రంథాలయాధిపతులూ, న్యాయమూర్తులూ, రచయితలూ పూనుకున్నచోటే జరిగింది. మన విద్యార్థులు కనీసం ఒక్క తీర్పునైనా మూలంలో చదివి, తెలుగులో చర్చించి, ఆ చర్చను అందరికీ అందే చోట ఉంచి, ఒక కాగితపు ప్రతిని ఊరి గ్రంథాలయంలో చేర్చాలి. ఆ పని మొదలుపెట్టడానికి ఎవరికీ చందా కట్టనక్కర్లేదు.