నేలను తాకే క్షణం: తేలికపాటి విమానానికి చక్రాల ఎంపిక

విమానమనగానే మన మనస్సులో మెదిలేవి రెక్కలు, ఇంజను, నీలాకాశం. చక్రాలను గురించి ఆలోచించేవారు అరుదు. ఆకాశంలో ఎంతసేపు విహరించినా ప్రతి విమానమూ చివరకు నేలకు దిగవలసినదే. ఆ క్షణంలో విమానపు బరువు, వేగం, నడిపేవాని క్షేమం అన్నీ రెండు మూడు చక్రాల మీద ఆధారపడి ఉంటాయి.

ఈ విషయం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. శ్రీ విజయపురంలో, అనగా 2024 వరకు మనమంతా పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న పట్టణంలో, బతు బస్తీలోని మా ఇంటికి గత వేసవి సెలవులలో మా సహోద్యోగి కుమారుడొకడు వచ్చాడు. విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. చంకలో చుట్టిన పెద్ద కాగితం. విప్పి చూపగా, ఒక్కరు మాత్రమే కూర్చొనదగిన అతి తేలికైన విమానపు నమూనా. స్నేహితులు నలుగురు కలిసి స్వహస్తాలతో నిర్మించాలని వారి సంకల్పం. రెక్కల వైశాల్యం, ఇంజను శక్తి, గొట్టాల మందం అన్నీ ఎంతో శ్రద్ధగా లెక్కకట్టి ఉన్నాయి. చక్రాలున్న చోట మాత్రం మూడు సున్నాలు చుట్టి ఊరుకున్నాడు.

"ఇవి ఏ చక్రాలు బాబూ?" అని అడిగాము.

"చక్రాలదేముంది మామయ్యగారూ! అబర్డీన్ బజారులో ఇసుక, కంకర మోసే తోపుడు బండ్ల చక్రాలు దొరుకుతాయి. చవక, తేలిక. నూరు కిలోలకు పైగా మోస్తాయి కదా!" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు ముప్పై ఏళ్ళనాటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది.

మా పొరపాటు

అప్పుడు మేము మెయిన్‌ల్యాండ్‌లో ఒక కర్మాగారంలో పని చేస్తున్నాము. అర టన్ను బరువుగల మోటారును షెడ్డు నుండి షెడ్డుకు చేర్చడానికి మేమే ఒక ట్రాలీ చేయించాము. నలుగురు మనుషులు తోస్తూ ఉండగా నెలల తరబడి నిక్షేపంగా పని చేసింది. ఒకనాడు తొందర వచ్చి, దానిని జీపు వెనుక కట్టమని మేమే చెప్పాము. రెండు ఫర్లాంగులు పోకముందే ఒక చక్రపు బుష్ వేడెక్కి పట్టేసింది, చక్రం విరిగింది, మోటారు దొర్లింది. ప్రక్కన నడుస్తున్న హెల్పరు పాదం నలిగిపోయింది. ఆయన మళ్ళీ మునుపటివలె నడవలేదు.

చక్రం అదే, బరువు అదే, మారినది వేగం ఒక్కటే. ఆ లెక్క ముందుగా వేయకపోవడం మా తప్పు. ఆ తప్పు మరొకరి బిడ్డ చేయకూడదని ఆ సాయంత్రం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాము.

వేగపు లెక్క

33 సెంటీమీటర్ల వ్యాసంగల తోపుడు బండి చక్రం ఒక్కసారి తిరిగితే సుమారు 104 సెంటీమీటర్లు సాగుతుంది. మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో తోస్తే అది నిమిషానికి 80 చుట్లు తిరుగుతుంది. విమానం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దిగితే అదే చక్రం నిమిషానికి 960 చుట్లకు పైగా తిరగాలి. అంటే పన్నెండు రెట్లు. పైగా నిశ్చలంగా ఉన్న చక్రం నేలను తాకిన లిప్తపాటులోనే ఆ వేగాన్ని అందుకోవాలి. సాదా బుష్‌లు గల చక్రానికి ఇది తగిన పని కాదు. బాల్ బేరింగులో, రోలర్ బేరింగులో ఉండి తీరాలి.

"అయితే సైకిలు చక్రాలు? వాటికి బాల్ బేరింగులు ఉంటాయి, బరువూ తక్కువ" అన్నాడు.

ప్రశ్న మంచిదే. తొలినాటి విమాన నిర్మాతలకూ ఇదే తోచింది. 1903లో రైట్ సోదరుల విమానానికి అసలు చక్రాలే లేవు. కొయ్య పట్టా మీద దొర్లే చిన్న బండిపై నుండి అది లేచింది. సైకిళ్ళు చేసి అమ్మిన ఆ సోదరులు ఆ బండికి సైకిలు హబ్బులనే వాడుకున్నారు. 1906లో పారిస్‌లో సాంటోస్-డ్యూమాంట్ తన విమానాన్ని చక్రాల మీద పరుగెత్తించి గాలిలోకి లేపాడు. 1909లో బ్లేరియో ఇంగ్లీషు ఛానల్ దాటి డోవర్ వద్ద దిగినప్పుడు ఆయన విమానపు చక్రాల చట్రం దెబ్బతిన్నది. ఊచల చక్రాలు నిలువు బరువును చక్కగా మోస్తాయి. ప్రక్క నుండి వచ్చే ఒత్తిడికి మాత్రం వంకర తిరుగుతాయి. సైకిలు మలుపులో తానే ఒరుగుతుంది కనుక దాని చక్రానికి ప్రక్క ఒత్తిడి అంతగా ఉండదు. విమానం ఒరగదు. అడ్డగాలిలో దిగేటప్పుడు ఆ ప్రక్క ఒత్తిడి అంతా చక్రమే భరించాలి.

మన వీధిలోని బంధువు

మరి ఒరగకుండా మలుపు తిరిగే బండి మన వీధిలో ఏది? ఆటోరిక్షా! దాని చక్రం ప్రక్క ఒత్తిడిని దినమంతా భరిస్తూనే ఉంటుంది. అంతేకాక సైకిలు చక్రం వలె రెండు ప్రక్కలా పట్టు లేకుండా, ఒకే ప్రక్క ఇరుసుకు బిగించి ఉంటుంది. చిన్న విమానపు చక్రాన్ని బిగించే పద్ధతీ సాధారణంగా అదే. ఆటోకు ఎక్కువగా వాడే టైరు 4.00-8. మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము వ్యాసాన్ని అంగుళాలలో సూచిస్తుంది. మన పాత చేతక్ స్కూటరుది 3.50-10. చిన్న విమానాల కొరకు ప్రత్యేకంగా చేసిన 5.00-5, 6.00-6 కొలతల టైర్లూ ఉన్నాయి.

బ్రేకుల సంగతి కూడా చూడండి. ఇద్దరు ఎక్కిన స్కూటరు సుమారు 250 కిలోలు ఉంటుంది. మా కుర్రవాని విమానపు మొత్తం బరువూ దాదాపు అంతే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండింటి చలనశక్తీ సమానం, సుమారు 35 వేల జౌళ్ళు. రెండు చక్రాలు చెరిసగం పంచుకుంటే, రెండు కిలోల ఇనుప డ్రమ్ము ఒక్కసారి ఆగడానికి వేడెక్కేది దాదాపు 19 డిగ్రీలే. కనుక స్కూటరు స్థాయి బ్రేకు ఈ విమానానికి చాలును.

బలమే సర్వస్వం కాదు

"అయితే ఆటో టైరే ఖాయం" అని అతడు వ్రాయబోగా వారించాము. బరువులు మోయడానికి చేసిన మందపాటి టైరు గోడలు తక్కువ బరువుకు వంగవు. వంగకపోతే నష్టమేమిటి? విమానం సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో క్రిందికి దిగిందనుకోండి. అది పదకొండు సెంటీమీటర్ల ఎత్తు నుండి పడినదానితో సమానం. చట్రంలో స్ప్రింగు లేక, టైరు మూడు సెంటీమీటర్లే అణిగితే, ఆ కుదుపు సగటున భూమ్యాకర్షణకు దాదాపు నాలుగు రెట్లు. టైరు, చట్రం కలిసి పది సెంటీమీటర్లు అణిగితే అది ఒక రెట్టుకు కొంచెమే పైన. ఆ తేడా పడేది గొట్టాల అతుకుల మీద, నడిపేవాని వెన్నెముక మీద.

గాలి ఒత్తిడిదీ ఇదే న్యాయం. చక్రం మీద నూరు కిలోల బరువుండి, టైరులో చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల ఒత్తిడి ఉంటే నేలను తాకేది 50 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడిని ఒక కిలోకు తగ్గిస్తే నూరు. వానకు నానిన పచ్చిక మీద రెండవది తేలుతుంది, మొదటిది దిగబడుతుంది. అయితే గాలి మరీ తగ్గితే బ్రేకు పట్టినప్పుడు టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును తెంపుతుంది. అందుకే టైరు మీద, రిమ్ము మీద కలిసేలా ఒకే గీతను రంగుతో గీయాలి. గీత రెండు ముక్కలై కనబడితే టైరు జారినట్లు గుర్తు.

బరువునూ మరువరాదు. అమెరికాలో 1982 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఇటువంటి ఒంటి సీటు విమానపు ఖాళీ బరువు 115 కిలోలకు లోబడాలి. రెండు చక్రాలలో చెరి రెండు కిలోలు తగ్గించగలిగితే అయిదున్నర లీటర్ల పెట్రోలు బరువు ఆదా అయినట్లే.

ఇక మన ద్వీపాల మాట. ఇక్కడ సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. మెగ్నీషియం మిశ్రమలోహపు చక్రాలు తేలికే గాని ఈ గాలికి త్వరగా తినివేయబడతాయి. అల్యూమినియం రిమ్ముకు ఉక్కు బోల్టులు తగిలిన చోట కూడా తుప్పు పుడుతుంది. అక్కడ గ్రీజు గాని రంగు గాని ఉండాలి. ఓడ వచ్చేదాకా ఎదురు చూడనక్కరలేకుండా, దగ్గరి దుకాణంలో దొరికే టైరు కొలతనే ఎంచుకోవడం తెలివైన పని.

స్కూటరు ఉన్న ప్రతి ఇంటికీ ఒక హెచ్చరిక. రెండు పలకలు కలిపి బిగించిన రిమ్ములో గాలి ఉండగా ఆ పలకల నట్లను ఎన్నడూ విప్పరాదు. పలక ఎగిరి తగిలితే ప్రాణాపాయం. ముందు వాల్వు తీసి గాలి పూర్తిగా వదలాలి.

చివరి మాట

"ఇక్కడి మైదానంలో ఒక్కసారి పరుగెత్తించి చూడవచ్చునా?" అన్నది అతని ఆఖరి ప్రశ్న. కూడదని ఖండితంగా చెప్పాము. ఇక్కడి విమానాశ్రయం నౌకాదళపు ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోశ్ స్థావరంతో కలిసి ఉన్నది. ఈ గగనతలం దేశ రక్షణకు సంబంధించినది. ఎక్కడైనా సరే, పౌర విమానయాన శాఖ అనుమతి, అనుభవజ్ఞుల తనిఖీ లేనిదే చక్రం కదలరాదు. నిజంగా ఎగరాలని ఉంటే ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరి, మైక్రోలైట్ విమానం మీద శిక్షకుని ప్రక్కన కూర్చుని నేర్చుకొమ్మని సలహా ఇచ్చాము.

కుర్రవాని ముఖం కొంత చిన్నబోయింది. అయినా కాగితం చుట్టేముందు మూడు సున్నాలనూ చెరిపి, వాటి స్థానంలో బేరింగు, టైరు కొలత, గాలి ఒత్తిడి, అణిగే దూరం అని నాలుగు వరుసలు వ్రాసుకున్నాడు. ఓడ ఎక్కేనాడు వాళ్ళ నాన్నగారు మా చేయి పట్టుకుని, "మా వాడు రాత్రి రెండు గంటల దాకా ఆ చక్రాల లెక్కలే వేశాడండీ" అన్నారు.

మాకు తృప్తి కలిగింది. కర్మాగారంలో గాని, ఇంటి పెరట్లో గాని కొత్త వస్తువు చేయబోయే మన పిల్లలను నిరుత్సాహపరచవద్దు. వారు సున్నాలు చుట్టి వదిలేసిన చోట్లు ఏవో మాత్రం ఒక్కసారి చూడండి. ముప్పై ఏళ్ళ క్రితం మా ట్రాలీ బొమ్మను ఎవరైనా అలా చూసి ఉంటే, ఒక మనిషి ఈనాడు కుంటుతూ నడవవలసిన అవసరం ఉండేది కాదు.