పాత కుక్క ఉన్న ఇంటికి కొత్త కూన వస్తే



పది దినాల కిందట ఆరో తరగతి పిల్లవాడొకడు చేతికి కట్టుతో బడికి వచ్చాడు. ఏమైందిరా అంటే, "మా కరియ కొత్త కూనను కరవబోయింది సార్, నడుమ చెయ్యి పెట్టినా" అన్నాడు. కరియ ఎనిమిదేండ్లుగా వాళ్ళ రాగిచేను కాస్తున్న కుక్క. అంతవరకు ఎవరినీ కరిచింది లేదంట. ఆ సాయంత్రమే దాన్ని కొట్టి తోటలో కట్టేశారు. తప్పు కరియది అనిపించలేదు నాకు. కూనను తెచ్చి, నేరుగా అది అన్నం తినే చోటే దించారు మరి.

డెంకణికోట, తళి, అంచెట్టి పక్క పల్లెల్లో చేనుకో గొడ్లకో కాపలాగా కుక్కను పెట్టుకోవడం కొత్తేమీ కాదు. పాతది ముసలిదవుతుంటే తోడుగా కూనను తెస్తాము. మనకు అది తోడు, పాతదానికి మాత్రం తన ఇంట్లోకి చొరబడిన కొత్త వాసన. తమ్ముడు పుట్టినప్పుడు మూతి ముడుచుకున్న పిల్లలను చూసిన అమ్మలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

రెండు నెలలు నిండకుండా కూనను తల్లి దగ్గరనుంచి తేవద్దు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి అవుతుందో అది తల్లితో, తోడబుట్టిన కూనలతో ఆడుకుంటూనే నేర్చుకుంటుంది. స్కాట్, ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1965లో వేసిన పుస్తకంలో, మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్క తోటివాళ్ళతో మెలగడం నేర్చే కాలమని చెప్పారు. పార్వో అనే రోగం కూనలను రెండు మూడు దినాల్లోనే తీసుకుపోగలదు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాల నడుమ మొదటి టీకా, తర్వాత పశువైద్యులు చెప్పినట్టు మిగతావి. మూడు నెలలకు రేబిస్ టీకా. పాత కుక్క టీకాలు కూడా అప్పుడే సరిచూసుకోండి.

మొదటిసారి ఇంటి లోపల కలపవద్దు. పాత కుక్క తనదనుకోని చోట, వేరే కుక్కలు తిరగని చోట కలపాలి. ఎదురింటివాళ్ళ వాకిలి అయినా చాలు. పాతదాన్ని ఒకరు తాడుతో పట్టుకోండి, తాడు వదులుగా ఉండాలి. బిగించి లాగితే దానికి ఇంకా దిగులు పుడుతుంది. ముఖాముఖి నిలబెట్టకుండా పక్కపక్కన నడిపించండి. వెనకనుంచి వాసన చూసుకోనివ్వండి. అయిదు నిమిషాలు చాలు, మళ్ళీ సాయంత్రం.

పాతది గుర్రుమంటే తిట్టకండి, కొట్టకండి. ఈ మాట పెద్దవాళ్ళకే ఎక్కువ చెప్పాలి. గుర్రుమనడం దాని మాట, "దూరం పో" అంటోంది. ఆ మాటను కొట్టి మాన్పిస్తే, తర్వాత చెప్పకుండానే కరుస్తుంది. కూన వెనక్కి తగ్గితే అక్కడితో సరి. తగ్గకపోతే మీరే కూనను పక్కకు తీయండి.

గిన్నెలు వేరు, తినే చోటు వేరు. ముద్ద ముందు పాతదానికే పెట్టండి. కూన ఎక్కలేని అరుగో మూలో ఒకటి దానికి వదలండి. మోకాళ్ళ నొప్పులున్న ముసలి కుక్క నాళ్ళంతా ఓర్చుకోలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండింటినీ ఒకచోట విడవద్దు. కొన్ని ఇళ్ళలో వారానికే కలిసిపోతాయి, కొన్నింట్లో రెండు నెలలు పడుతుంది. కూనకు నాలుగయిదు నెలలు వచ్చేసరికి పాతది చూపే ఓర్పు తగ్గవచ్చు. అప్పుడు మళ్ళీ గమనించాలి.

పిల్లలూ, కుక్కలు కొట్లాడుకుంటుంటే చెయ్యి పెట్టకండి. బకెట్ నీళ్ళు చల్లండి, తట్టను గట్టిగా మోగించండి, పెద్దలను పిలవండి. కరిస్తే, కూన పంటి గీత అయినా సరే, ఇంట్లో దాచకండి. పారే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పూయవద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. రక్తం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, గాయం దగ్గర వేసే వేరే మందు కూడా అవసరం అవుతుంది. రేబిస్ లక్షణాలు మొదలైనాక బతికించడం దాదాపు జరగని పని.

ఆ పిల్లవాడికి మొదటి దినం, మూడో దినం, ఏడో దినం సూదులు అయ్యాయి. 28వ దినానిది మిగిలి ఉంది. కరియను తోటలోంచి విప్పారంట, ఇప్పుడు దాని గిన్నె వెనక వాకిట్లో పెడుతున్నారు.