బట్టతలకు రక్తప్రసరణ లోపమే కారణమా?

కుప్పం నుంచి రైలులోనైనా, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులోనైనా బెంగళూరు చేరే సరిహద్దు గ్రామాల యువకులకు మొదట కనిపించే నగరద్వారం కె.ఆర్.పురం. పని వెతుక్కుంటూ వెళ్లినవారిలో అనేకులు ఆ చుట్టుపక్కలే గదులు తీసుకుని ఉంటారు. రెండు మూడేళ్లు గడిచి పండుగకు ఇంటికి వచ్చిన కుమారుని నుదురు పైకి జరిగినట్లు కనిపిస్తే తల్లిదండ్రులకు దిగులు పట్టుకుంటుంది. పెళ్లి సంబంధాలు చూసే వయస్సు కావడంతో ఆ దిగులు రెట్టింపవుతుంది. అక్కడి బోరునీరు పడలేదని కొందరు, తలకు రక్తం సరిగా అందడం లేదని మరికొందరు చెబుతారు. ఈ రెండవ మాటను ఆధారం చేసుకునే ఎన్నో నూనెలు, మర్దన యంత్రాలు అమ్ముడవుతున్నాయి. ఇందులో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

నీటి సంగతి

ఉప్పునీటి వలన వెంట్రుక గరుకుబారవచ్చు, చిక్కులు పడవచ్చు. అయితే కోయంబత్తూరు వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలనలో ఉప్పునీటిలో ఉంచిన వెంట్రుకల బలానికీ, స్వేదనజలంలో ఉంచినవాటి బలానికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల ఇరవైలలోనే మొదలు కావచ్చు. ఊరు విడిచి నగరానికి వెళ్లే వయస్సు కూడా అదే. రెండూ ఒకే కాలంలో రావడం వలన నింద నీటి మీద పడుతున్నది.

బట్టతల ఎలా వస్తుంది?

ప్రతి వెంట్రుకకూ చర్మంలో ఒక కుదురు ఉంటుంది. తలవెంట్రుక కొన్ని సంవత్సరాలు పెరిగి, కొంతకాలం విశ్రమించి రాలిపోతుంది. అదే కుదురు నుంచి మళ్లీ కొత్తది మొలుస్తుంది. కనుక రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. బట్టతల వచ్చేవారిలో నుదుటి పైభాగంలోను, నడినెత్తిన ఉన్న కుదుళ్లు తరతరానికీ చిన్నవవుతూ వస్తాయి. మొలిచే ప్రతి కొత్త వెంట్రుకా మునుపటికన్నా సన్నగా, పొట్టిగా ఉంటుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చిన తరువాత జుట్టు తిరిగి వచ్చేది చర్మం లోపలి కుదుళ్లు చెక్కుచెదరవు గనుకనే. చిన్నబోయిన కుదుళ్లను గుండు గీయించడం పెద్దవి చేయదు.

కుదురు చిన్నబోవడానికి వంశలక్షణం, పురుష హార్మోను కలిసి కారణమవుతాయి. టెస్టోస్టిరోన్ శరీరంలో డైహైడ్రోటెస్టోస్టిరోన్‌గా మారి, వంశరీత్యా బలహీనమైన కుదుళ్లపై పనిచేస్తుంది. యుక్తవయస్సుకు ముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాలేదనీ, టెస్టోస్టిరోన్ ఇచ్చినప్పుడు ఆ వంశలక్షణం ఉన్నవారిలో మొదలైందనీ అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హామిల్టన్ 1942లో వెల్లడించారు.

రక్తప్రసరణ వాదానికి బలం

రక్తప్రసరణ మాట పూర్తిగా కల్పితం కాదు. 1989లో ప్రచురితమైన డెన్మార్క్ పరిశోధనలో బట్టతల మొదలైన 14 మందిని, నిండుజుట్టు గల 14 మందిని పోల్చి చూశారు. మొదటివారి తలచర్మం అడుగున రక్తప్రవాహం సుమారు రెండున్నర రెట్లు తక్కువగా ఉన్నది. బట్టతల భాగపు చర్మంలో ప్రాణవాయువు కూడా తక్కువేనని 1996లో మరొక పరిశోధన తెలిపింది. మినాక్సిడిల్ కథ ఈ వాదానికి మరింత ప్రచారం తెచ్చింది. రక్తనాళాలను వెడల్పు చేసే ఈ మందును అమెరికాలో 1979లో తీవ్ర రక్తపోటుకు మాత్రగా అనుమతించారు. మింగినవారికి ఒంటిమీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే ద్రవంగా తయారుచేయగా, 1988లో దానికీ అనుమతి లభించింది.

అయినా మూలకారణం అది కాదు

తలకు గాయమైతే రక్తం ఎంత ధారగా కారుతుందో గ్రామాలలో అందరూ ఎరుగుదురు. నుదురు, కణతలు, చెవుల వెనుక, మెడ వెనుక నుంచి ఐదు జతల ధమనులు తలచర్మానికి రక్తం చేరుస్తాయి. బట్టతల కూడా రక్తం లేని ఎడారి కాదు.

అంతకన్నా బలమైన సాక్ష్యం న్యూయార్క్ వైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించిన ఫలితాలు. తల వెనుక నుంచి తీసిన కుదుళ్లను బట్టతల భాగంలో నాటితే అవి అక్కడ కూడా చక్కగా పెరిగాయి. వాటికి అందింది ఆ బట్టతల భాగపు రక్తమే. రక్తం చాలకపోవడమే మూలకారణమైతే ఆ కుదుళ్లు కూడా క్షీణించవలసి ఉండేది. నేటి జుట్టు నాటే చికిత్సకు ఇదే పునాది.

మరి రక్తప్రవాహం తగ్గినట్లు కనిపించడమెందుకు? ఎండిపోతున్న టమోటా మొక్క నీటిని తక్కువగా పీల్చుకుంటుంది. మడిలో నీరు కదలలేదని కాలువను తప్పుపట్టలేము. కుదురు పెరిగే దశలో తన చుట్టూ సన్నని రక్తనాళాలను అల్లుకుంటుందని 2001లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. కుదురు చిన్నబోతే ఆ అల్లిక కూడా పలచబడడం సహజం. కాబట్టి రక్తప్రసరణ తగ్గుదల చాలావరకు బట్టతలకు ఫలితమనీ, కొంత తోడుకారణం కావచ్చుననీ భావించడం సబబు.

ఏమి చేయాలి?

మర్దన వలన హాయి కలుగుతుంది. 2016లో జపానులో బట్టతల లేని తొమ్మిదిమంది పురుషులు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున 24 వారాలు మర్దన చేయించుకోగా వెంట్రుక మందం స్వల్పంగా పెరిగింది. వెంట్రుకల సంఖ్య పెరగలేదు. ఇంటి కొబ్బరినూనెతో చేసుకునే మర్దనకు ఖర్చు లేదు. రక్తం చేరుస్తుందన్న మాట నమ్మి నెలజీతంలో వేలరూపాయలు నూనె సీసాలకు పోయడం మాత్రం తగదు.

మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ మందులు కొందరికి మేలు చేస్తాయి. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది, ఆపితే లాభం నిలవదు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా మినాక్సిడిల్ వాడరాదు. రాసుకున్న తల పసిపిల్లలకు తగలనీయరాదు. ఫినాస్టెరైడ్ వలన కొందరిలో లైంగిక సమస్యలు కలుగవచ్చు. విరిగిన ఆ మాత్రలను గర్భిణులు తాకరాదు.

గుండ్రని మచ్చలుగా రాలితే అది పేనుకొరుకుడు. జ్వరం, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు ఒక్కసారిగా రాలితే చాలావరకు తిరిగి వస్తుంది. స్త్రీలలో రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా కారణాలు కావచ్చు. వీటికి చికిత్సలు వేరు.

బట్టతలకూ రక్తనాళాలకూ గల మరొక సంబంధం గమనింపదగినది. నడినెత్తిన బట్టతల తీవ్రంగా ఉన్నవారిలో గుండెజబ్బు కొంత ఎక్కువని అమెరికాలో పురుష వైద్యులపై జరిగిన పరిశోధన 2000లో తెలిపింది. ఒకటి మరొకదానికి కారణమని దీని అర్థం కాదు. అయినా చిన్నవయస్సులోనే బట్టతల వచ్చినవారు రక్తపోటు, చక్కెర పరీక్షించుకుని, పొగతాగడం మానడం మంచిది.

కె.ఆర్.పురంలో ఉన్నవారు శివాజీనగరంలోని బౌరింగ్ ప్రభుత్వ ఆస్పత్రిలోను, ఊరిలో ఉన్నవారు దగ్గరి వైద్య కళాశాల ఆస్పత్రిలోను చర్మవైద్యులకు చూపించుకోవచ్చు. కుదురు పూర్తిగా క్షీణించకముందే చూపించుకుంటే చికిత్సకు అవకాశం ఎక్కువ. ఇక కుమారుని బట్టతలకు కె.ఆర్.పురం నీటిని గాని, అతని అలవాట్లను గాని నిందించే ముందు తండ్రి, మేనమామ, తాతల తలలను ఒకసారి చూసుకోవడం ఆ కుటుంబానికే మేలు.