టేక్మాల్‌లో పలికితే అమెరికాలో వినిపించేదెలా?

హామ్ రేడియో పేరు మీలో కొందరు వినే ఉంటారు. ప్రభుత్వ లైసెన్సు పొంది, వ్యాపారం కోసం కాక స్వంత ఆసక్తితో రేడియోలో మాట్లాడుకునే వారే హామ్‌లు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామే.

మన టేక్మాల్‌లో నిలబడి చేతిలో ఇమిడే చిన్న సెట్టులో మాట్లాడామనుకోండి. ఆ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. గుట్ట అడ్డొస్తే అంతే సంగతులు. కొద్ది కిలోమీటర్లు దాటడమే కష్టం. మరి అమెరికా దాకా ఎలా?

మధ్యదూరాన్ని ఇంటర్నెట్ మోస్తుంది. దగ్గరలో ఒక లింకు స్టేషను ఉండాలి. అంటే రేడియో సెట్టుకు కంప్యూటరు జోడించి ఉంచడమన్నమాట. మన సెట్టు మీది మీటలతో అవతలి స్టేషను నంబరు నొక్కుతాం. కంప్యూటరు మన గొంతును అంకెలుగా మార్చి, చిన్న చిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్‌లో పంపుతుంది. అవతలి కంప్యూటరు ఆ ముక్కలను తిరిగి గొంతుగా మార్చి అక్కడి గాలిలోకి వదులుతుంది.

1997లో కెనడాకు చెందిన డేవిడ్ కామెరాన్ ఐ.ఆర్.ఎల్.పి. పేరుతో ఇటువంటి ఏర్పాటు మొదలుపెట్టారు. అందులోకి రేడియో ద్వారానే ప్రవేశం. 2002లో అమెరికాకు చెందిన జొనాథన్ టేలర్ తెచ్చిన ఎకోలింక్‌లో కంప్యూటరు నుండి కూడా నేరుగా చేరవచ్చు. అయితే లైసెన్సు రుజువు చూపనిదే రానివ్వరు.

"ఇదేం రేడియో, ఫోనులో మాట్లాడినట్టేగా!" అని పాత హామ్‌లు కొందరు కొట్టిపారేస్తారు. వారి మాటలో కొంత నిజముందని మేమూ ఒప్పుకుంటాం. హైదరాబాదులో 1983లో స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్లింది. పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతుండగా 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఆ బృందం తమ రేడియో సెట్లతోనే క్షేమ సమాచారాలు చేరవేసింది. షార్ట్ వేవ్ తరంగాలు ఆకాశంలోని ఐనో ఆవరణానికి తగిలి వెనక్కి వస్తాయి కనుక వాటికి తీగ అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు.

లైసెన్సుకు డిగ్రీ అవసరం లేదు. 12 ఏళ్లు నిండితే కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ కూడా ఉండదు. మన భౌతికశాస్త్రంలోని విద్యుత్తు, తరంగాల పాఠాలు బాగా చదివినవారికి సగం పని అయినట్టే. ప్యాసై లైసెన్సు తీసుకున్నవారికి వీయూతో మొదలయ్యే కాల్ సైన్ ఇస్తారు. అవతలివారు అడిగేది పేరు, ఊరు, మన మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందన్నదే. అప్పుడు మన ఊరిని ఒక్కో అక్షరంగా ఇలా చెప్పాలి: ట్యాంగో, ఎకో, కిలో, మైక్, ఆల్ఫా, లిమా.